నిద్రపోని పిడుగు

శ్రీమతి గారికి,

మీ శ్రీవారు బోలెడంత ప్రేమతో రాయునది. ఇక్కడ నేనూ మన పిడుగూ క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఆ క్షేమమన్న మాట చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది. అది పూర్తిగా నిజం కాదు. కంగారు పడకుండా చివరిదాకా చదువు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పిల్ల తలమీద కుట్లు వేసినచోట జుట్టు మొలిచింది, దువ్వితే మచ్చ కనబడదు. ఇద్దరం వేళకి తింటున్నాం, నా వంటకి పేరు మాత్రం పెట్టకు. కొట్టు సంగతి అడిగావు. నిన్న ఒకాయన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆయన తొడుక్కుని చూసి, "ఏం మాస్టారూ, నిద్రలో కుట్టారా?" అన్నాడు. నిద్రంటూ ఉంటే కదా!

ఇక అసలు ప్రశ్న. పిడుగు రాత్రిళ్ళు పడుకుంటోందా అన్నావు. లేదు. సైకిలు మీంచి పడకముందు భుజం మీదే గుర్రుపెట్టేది. ఇప్పుడు అటూ ఇటూ దొర్లుతుంది, దుప్పటి తన్నేస్తుంది, చిన్న చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. పగలు బళ్ళో తూగుతుంది. టీచరమ్మ బద్ధకమనుకుని కోప్పడిందట. వెళ్ళి మాట్లాడి వచ్చాను, కాస్త గట్టిగానే.

తలకి దెబ్బ తగిలిన పిల్లల్లో చాలామందికి ఇలా అవుతుందట, నెలల తరబడి ఉండొచ్చట. డాక్టరమ్మే చెప్పింది. రోజూ ఒకే వేళకి పడుకోబెట్టమంది. "నిద్ర పట్టాక మాత్రం లేపకండి. దానికి నిద్రే మందు" అంది. నేను తల దించుకున్నాను.

ఈ మాట రాసేముందు లేచి వెళ్ళి చూసి వచ్చాను. కునుకు తీస్తోంది.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన రోజు నర్సమ్మ ఏమంది? "ఈ ఒక్క రాత్రీ మధ్యమధ్యలో లేపి పేరు అడగండి, సరిగ్గా పలుకుతోందో లేదో చూడండి" అంది. ఇద్దరం వంతులేసుకుని లేపాం. మర్నాడు నువ్వు ఆపేశావు. నేను ఇప్పటికీ ఆపలేదు. అది కదలకుండా పడుకుంటే లేచి దగ్గరికి వెళతాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, అదీ చాలదు. భుజం కుదిపి, "నీ పేరేంటి తల్లీ?" అంటాను. అది విసుగ్గా "పిడుగు" అన్నాకే నాకు ఊపిరాడుతుంది. పట్టక పట్టక పట్టిన నిద్రని నేనే చెడగొడుతున్నాను. "నేను చూసుకుంటాగా" అని కోతలు కోసి నిన్ను ఉద్యోగానికి పంపినవాణ్ణి, ఏ మొహంతో చెప్పను?

నిన్న దీపం ఆర్పి చాలాసేపైనా కళ్ళు తెరుచుకునే ఉంది.

"పడుకో అమ్మా" అన్నాను.

"ముందు నువ్వు పడుకో నాన్నా."

"నాకేం, పెద్దవాణ్ణి."

"నేను నిద్రపోతే నీకు భయమేస్తుంది కదా. అందుకే మేలుకుంటున్నా."



సెలవు దొరికితే రెండు రోజులు రా. పిల్లకోసం కాదు, నాకోసం. దాని పక్కన నువ్వు పడుకో. నన్ను బయటికి పంపి తలుపు గడియ పెట్టెయ్యి. ఎంత బతిమాలినా తెల్లారేదాకా తియ్యకు.

ఇట్లు,
పిడుగు వాళ్ళ నాన్న