మోదుగాకు పొట్లం

ఆత్మకూరు,
ఆదివారం.

ఆనందక్కకు ప్రభువు పేరిట వందనాలు.

అన్నం తగ్గించమని డాక్టరు చెప్పినప్పటినుంచి మీ మరిదికి సలాడే పెడుతున్నాను. ఉడికిన అలసందలు, దోరగా వేయించిన పుట్టగొడుగులు, ఉల్లిపాయ, నిమ్మరసం. "కడుపు నిండుతుండాది" అంటున్నాడు.

మూడు ఆదివారాలుగా చర్చి నుంచి వచ్చేసరికి గడప మీద పుట్టగొడుగులు ఉంటున్నాయి, మోదుగాకులో చుట్టి చీపురుపుల్లతో కుట్టిన పొట్లంలో. ఉదయగిరి బస్సులో నువ్వే ఎవరిచేతో పంపుతున్నావనుకుని వండాను. నిన్న ఫోనులో "నేనేం పంపలేదే, ఈడ చినుకే లేదు" అన్నావు. అప్పుడు చెత్తబుట్టలోంచి ఆకు తీసి చూశాను. పుల్ల ఎడమవైపు నుంచి గుచ్చి ఉంది.

మన ఇంట్లో ఎడమచేత్తో ఆకు కుట్టేది అమ్మ ఒక్కతే. ఆమెను సమాధి చేసి ఏడాది దాటింది.

ఈరోజు చర్చికి పోకుండా గడప దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. లోపలికి పోతే పొట్లం పొయ్యి పక్కన ఉంది. ఈసారి అందులో అలసందలు కూడా ఉన్నాయి, నానబెట్టినవి. ఇంట్లో అలసందలు అయిపోయాయని నేను ఎవరితోనూ అనలేదు.

ఫోనులో మాట్లాడితే ఇంట్లో వినపడుతుందని ఇలా రాస్తున్నాను. అన్నీ నువ్వే పంపావని ఒక్క ముక్క రాయక్కా. అబద్ధమైనా నమ్ముతాను.

నీ చెల్లెలు.