పొగ వయసు

ధర్మపురి, 2006

కమలా,

ఇటలీ అగ్నిపర్వతం మీద నువ్వు గొట్టంతో సీసాలోకి పొగ పడుతున్న ఫోటోను అమ్మ వీధంతా తిప్పింది. పొగలోని రేడియోధార్మిక పదార్థాలు ఎంత తరిగాయో కొలిచి, ఆ పొగ కొండ లోపలి శిలాద్రవాన్ని విడిచి ఎన్నాళ్లయిందో చెబుతావట. కొత్త ద్రవం పైకొస్తోందో లేదో దాన్నిబట్టే తెలుస్తుందట. “మా కమలకుండే తెలివి ఎవురికుంది?” అంది, నా ముందే.

పాలకోడు మార్కెట్లో తొడిమ చూసి టమాటా ఎప్పుడు కోశారో నేనూ చెబుతాను. నా ఫోటో ఎవరు తీశారు?

నిన్న ఫోన్లో నువ్వు దగ్గావు. జలుబన్నావు, అమ్మ నమ్మింది. నీ పక్కనే పడుకుని పెరిగినదాన్ని. అది నిన్నమొన్నటి దగ్గు కాదు. ఆ పొగ మానేసి, ముందు డాక్టరుకు చూపించుకో. నేను కుళ్లుకోవడానికైనా నువ్వు బాగుండాలి కదే.

అక్క