టెక్నీషియం, ప్రొమీథియం, ఒక గ్లాసు టీ

హనుమకొండ
జూలై 1984, గురువారం

ఇవాళ డిగ్రీ క్లాసులో టెక్నీషియాన్నీ ప్రొమీథియాన్నీ పోల్చి చెప్పాను. రెండూ మనిషి తయారు చేసుకున్న లోహాలే, రెండూ రేడియోధార్మికాలే. మొదటిది రకరకాల వేలెన్సీలు చూపిస్తుంది; రెండోది మూడు దగ్గరే మొండికేసి కూర్చుంటుంది. స్కాన్లకు వాడే టెక్నీషియం ఆరు గంటల్లో సగం తరిగిపోతుంది. ప్రొమీథియం సగమవడానికి రెండున్నరేళ్లు పైనే పడుతుంది.

సరళ లేచి నిలబడింది. "మేడమ్, మా అమ్మకు హైదరాబాద్ల థైరాయిడ్ స్కాన్‌కు గదే ఎక్కిచ్చిండ్రట. వారమైంది. అప్పటిసంది మనుమన్ని ముట్టుకుంటలేదు. జర మీరొచ్చి చెప్తరా?"

సాయంత్రం వాళ్ల బట్టల దుకాణం వెనక ఇంటికి వెళ్లాను. ఆమె వేరే చాప, వేరే కంచం పెట్టుకుని మూలన కూర్చుంది. "నాతోని పిలగానికి ఏమన్న అయితదేమోనని ఫికర్" అంది.

"అది మర్నాటికే దాదాపు పోయింది పెద్దమ్మా" అన్నాను. ఆరు గంటల లెక్క మళ్లీ చెప్పి, బాబును తెచ్చి ఒళ్లో పెట్టాను. వాడి తల నిమురుతూ ఏడ్చేసింది, పాపం.

తర్వాత, నేను ఇంట్లో అడుగుపెట్టగానే సరళ పోసి పక్కన పెట్టిన టీ గ్లాసును పెద్దమ్మ తన చేత్తో తీసి అందించింది. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగాలి? బోర్డు మీద రాసింది నేనే కదా! పాఠం నాకే ఒంటబట్టలేదా...

ఆమె చూసింది.

"వేడిగున్నట్టుంది బిడ్డా, జర ఆగి తాగు" అంది.

గ్లాసు అందుకున్నాను. టీ ఎప్పుడో చల్లారిపోయింది.