ఆ నలభై రెండు డిగ్రీలు గదివి

జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారి సముఖమునకు, అనంతపురం.

అయ్యా,

విషయం: ఆసుపత్రి దాడి కేసులో నేనిచ్చిన వాంగ్మూలం తప్పు – రిమాండులో ఉన్న ఎర్రిస్వామి బెయిలు గురించి.

కేన్సర్ ఆసుపత్రిలో మైక్రోవేవ్ వేడి చికిత్స యంత్రం నడుపు జ్యోతిలక్ష్మి, ఎమ్మెస్సీ ఫిజిక్స్, వయస్సు 44, వ్రాసుకొను అర్జీ.

1. యాడికి మండలపు గొర్రెల కాపరి హనుమంతమ్మకు రొమ్ములో మళ్లీ లేచిన గడ్డను నలభై రెండున్నర డిగ్రీలకు వేడి చేయుట నా పని. లోపలి వేడి తెలియుటకు వెంట్రుకంత గాజుతీగను సన్నని గొట్టంలో గడ్డలోకి పంపుదుము. లోహపు తీగ మైక్రోవేవ్‌కు తానే కాగి అబద్ధం చెప్పును. గాజు చెప్పదు. కొత్తవాళ్లకు నేను నేర్పే మొదటి పాఠం ఇది.

2. మే పద్నాలుగు మధ్యాహ్నం కరెంటు పోయినది. జనరేటరు యంత్రానికి చాలింది, ఏసీకి చాలలేదు. రేకుల కప్పు గది. ఆమె కదిలినప్పుడు గాజుతీగ గొట్టంలోంచి జారి దుప్పటి మీద పడింది. అప్పుడు నేను చూడలేదు. తెర మీద నలభై రెండు నిలకడగా ఉన్నది. అది ఆమె ఒంటి వేడి కాదు, మా గది వేడి.

3. "మంట మేడమ్, తట్టుకోలేకుండా ఉండా" అన్నది. "నలభై రెండే ఉందమ్మా, ఓర్చుకో" అన్నాను. "నీ అంకె నాకేం తెల్సు తల్లీ, లోపల కాల్తాండాది" అన్నది. ఇంకో అర డిగ్రీ రావాలని పవరు పెంచాను. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి ఇంటికి తిరిగిపోయే మనిషిని నేను. ఆ అంకెను మాత్రం అనుమానించలేదు. మాంసం కాలిన వాసన నర్సు త్రివేణి ముందు పట్టింది.

4. త్రివేణి కేకకు పరుగెత్తుకొచ్చిన కొడుకు ఎర్రిస్వామి తల్లి ఛాతీ చూశాడు. సెలైన్ స్టాండు పెరికి తెర పగలగొట్టాడు. దానితోనే నా తల మీద కొట్టాడు. పడ్డాక జుట్టు పట్టి యంత్రానికేసి మూడుసార్లు బాదాడు. "మా యమ్మ అరుస్తాంటే యినపల్యా? నీకు చెవుల్లేవా?" అన్నాడు. ఎడమ కర్ణభేరి పగిలింది, రెండు పళ్లు పోయినవి. వాంగ్మూలంలో ఇంతవరకూ నిజమే.

5. "రోగి చెప్పినట్టు వినక కదిలినందున స్వల్ప గాయమైనది, ముద్దాయి కారణం లేకుండా హత్యాయత్నం చేసెను" అన్నది యాజమాన్యం వ్రాసి తెచ్చిన వాక్యం. చదివే సంతకం పెట్టాను. కారణం ఉన్నది సారూ. అరచేయంత వెడల్పు, పక్కటెముక కనబడేంత లోతు.

6. కావున చెరిపేయక ముందే యంత్రం రికార్డు స్వాధీనపరచుకొని, నా వాంగ్మూలం మళ్లీ కొత్తగా నమోదు చేసుకొని, నన్నూ ముద్దాయిగా చేర్చవలెనని ప్రార్థన. తీగ జారిన నిమిషం, నేను పవరు పెంచిన నిమిషం, రెండూ అందులో ఉండును. ఎర్రిస్వామి బెయిలుకు అడ్డు చెప్పవద్దు. ఆ పుండు కడిగి కట్టు మార్చుటకు ఆ ఇంట్లో అతను తప్ప ఎవరూ లేరు. కొట్టడం ఒప్పని నేననుట లేదు. ఒప్పో తప్పో నాకింకా తెలియదు.

దెబ్బల సలుపులో గాక, చల్లబడి వ్రాసిన కాగితముగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జ్యోతిలక్ష్మి

తా.క.: నిన్న సబ్‌జైలుకు వెళ్లి ఈ అర్జీ సంగతి అతనికి చెప్పాను. "బయటికొస్తే రెండో చెవి గూడా పగలగొడ్తా, పో" అన్నాడు. దాన్ని ఇంకో కేసు చేయకండి సారూ. వాళ్లమ్మ మంట అన్నప్పుడు నాకు రెండు చెవులూ బాగానే ఉండినాయి.