డాబా మూలన చిలుకమ్మత్త

మొగిలయ్య మామకు నమస్తే.

మీ కొత్త ఇల్లు నేను తీసిన ఫోటోలో వెనక్కి వాలినట్టుందని, దారానికి గుండు కట్టి వేలాడదీసి గోడలన్నీ నిటారుగా ఉన్నాయా అని మళ్లీ చూశారట. "నలభై ఏండ్ల మేస్త్రీని, నా ఇల్లే వంగుతదా?" అని అన్నం కూడా ముట్టలేదని మీ కోడలు యమున చెప్పింది. ఫికర్ చేయకండి, తప్పు నాదే. రోడ్డు మీద నిలబడి కెమెరా మూతి పైకెత్తి తీస్తే ఏ ఇల్లైనా అట్లాగే వాలుతుంది.

కంప్యూటర్‌లో సరిచేస్తే గోడలు నిటారుగా నిలబడ్డాయి. కానీ పైభాగం సాగి అంచులు తెగాయి. డాబా మూలన నవ్వుతూ నిలబడ్డ చిలుకమ్మత్త ఫోటోలో లేకుండా పోయింది.

రెండూ పంపుతున్నాను. ఫ్రేము మాత్రం వంకరదానికే కట్టాను. గోడ సంగతి మీ గుండు చెప్పనే చెప్పింది కదా.

సరిచేసినది మీ పనివాళ్లకు చూపించుకోండి. అత్త కంట మాత్రం పడనీయకండి.

మీ ఫోటో స్టూడియో అల్లుడు,
హసన్‌పర్తి