త్రాంగ్ మిరియపు గింజ

తెలుక్ ఆన్సన్, మలయా,
మార్చి 1928

పాట్రిక్ బావకు,

ఈ ఉదయం మీ కవరు మళ్ళీ తెరిస్తే అడుగు మడతలో ఒక మిరియపు గింజ కనిపించింది. మీరు వేశారో, దానంతటదే పడిందో తెలియలేదు.

పెళ్ళికి నా ఇష్టం అడుగుతూ మీరు రాసిన నాలుగు పుటలూ చదివాను. సయాంలో మీ త్రాంగ్ ఒకప్పుడు మిరియాల సీమ అని, ఇప్పుడు రబ్బరు తోటలు వచ్చాయని, కాంతాంగ్ రేవుకు పినాంగ్ ఓడలు వస్తాయని, రేవు దగ్గర వరద నీళ్ళు నిలుస్తున్నందుకు సర్కారు కచేరీలన్నీ లోపలి ఊరికి మార్చారని తెలుసుకున్నాను. మా బడి అట్లాసులో ఇంత లేదు.

అమ్మమ్మకు చదివి వినిపించాను. "ఏటే, మావోడు ఆ ఊరిని సేసుకోమన్నాడా, తనని సేసుకోమన్నాడా?" అంది. అమ్మ నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మీ వైపే మాట్లాడాను. మనసులో మాట చెప్పడానికి బెదిరేవాళ్ళు ఊరి సంగతులే చెబుతారు. నేనూ అంతే.

అందుకే ఊరి సంగతులే అడుగుతున్నాను. సాయంత్రం పని నుంచి వచ్చాక మీరు ఎవరితో మాట్లాడతారు? అక్కడ తెలుగు వినబడుతుందా? వానలకు మీ ఇల్లు కారుతుందా? మీరు పనిచేసే తోటలో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళున్నారా?

గింజను కొరికి చూస్తానంది అమ్మమ్మ. నేను ఇవ్వలేదు.

కాన్వెంటులో నాకు టీచరు పని ఇస్తామన్నారు. చేరలేనని నిన్ననే మదర్‌తో చెప్పాను.

మీ మరదలు