వెనకగదిలో ఈల

ఏమండీ,

మీ అమ్మగారు పొద్దుటి నుంచీ నా వంటకి ఒక్క వంకైనా పెట్టలేదు. ఇల్లు ఇల్లులా లేదు.

పాపకి మళ్లీ ఆయాసం. ముగ్గురం డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం. కూర వేడి చేసుకోండి. వెనకగది తలుపు మాత్రం తియ్యకండి.

పాప కడుపులో ఉన్నప్పుడు, ఆ గదిలో ఎవరో ఈల వేసినట్టు ఊపిరి తీస్తున్నారని ఏడ్చేదాన్ని, గుర్తుందా? మీరు "గాలే" అంటూ కిటికీ సందులో కాగితాలు కుక్కారు. మీ అమ్మగారు "చదువుకున్నదానివి, ఏమిటే ఈ పిచ్చి?" అన్నారు. కిందటిసారి డాక్టరు గారు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి పడ్డ దిగులు వల్ల కూడా పిల్లలకి ఆయాసం రావచ్చంటూ, అప్పుడు నా మనసెలా ఉండేదని అడిగితే, "బ్రహ్మాండంగా ఉండేదండీ" అని నా తరఫున మీరే చెప్పేశారు.

ఇవాళ పాప వంటింట్లో నా భుజం మీదే ఉంది. దాని గొంతులో అదే ఈల. ఇంతలో వెనకగదిలో బట్టలు మడతపెడుతున్న మీ అమ్మగారు "పిల్లనిక్కడ ఒంటరిగా పడుకోబెట్టావేమే? ఎలా ఆయాసపడుతోందో చూడు!" అని కేకేశారు. పాపనెత్తుకునే గుమ్మంలోకి వెళ్లాను. ఆవిడ మమ్మల్ని చూశారు. ఖాళీ మంచాన్ని చూశారు. మంచం మీద ఈల మాత్రం ఆగలేదు.

అన్నట్టు, ఇప్పుడే ఆవిడ చెప్పులు వేసుకుంటూ పైకే అన్నారు: "డాక్టరుతో నేను చెబుతానమ్మా. నువ్వు అప్పుడే మొత్తుకున్నావు. తప్పు నాదే."